ఎండ ముదిరితే గ్యాస్ టర్బైన్ ఎందుకు నీరసిస్తుంది? 100 మెగావాట్ల ప్లాంటు 81 దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. బయట 45 డిగ్రీలు. మీ ఇంట్లో ఏసీ ఆగకుండా తిరుగుతోంది, పక్కింట్లోనూ అంతే. కరెంటు అందరికీ ఒకేసారి కావాల్సిన సమయం ఇది. సరిగ్గా ఇప్పుడే గ్యాస్‌తో నడిచే విద్యుత్ ప్లాంటు తన పేరు పక్కన రాసుకున్నంత కరెంటు ఇవ్వలేదు. యంత్రం చెడిపోలేదు, గ్యాస్ తగ్గలేదు, సిబ్బంది సమ్మె చేయలేదు. అది పీల్చే గాలి వేడెక్కింది, అంతే.

"ఫలానా చోట 100 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు" అని వార్తల్లో చదివినప్పుడు ఆ 100 ఎక్కడి లెక్క? గ్యాస్ టర్బైన్ల సామర్థ్యాన్ని ప్రపంచమంతా ఒకే ప్రమాణంతో కొలుస్తారు. గాలి ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం, ప్రాంతం సముద్ర మట్టం. యంత్రాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి పెట్టుకున్న లెక్క ఇది. యూరప్‌లో అది మామూలుగా కనిపించే వాతావరణం. మనకు 15 డిగ్రీలంటే హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజాము. వేసవిలో ఆ అంకె మన దగ్గర అర్ధరాత్రి కూడా కనిపించదు.

ఇంధనం గ్యాస్, ఆకలి గాలిది

గ్యాస్ టర్బైన్ అంటే నేల మీద బిగించిన విమానం ఇంజిన్ అనుకోండి. ముందు భాగంలో కంప్రెసర్ ఉంటుంది. అది బయటి గాలిని లాగి గట్టిగా కుదిస్తుంది. ఆ గాలిలో గ్యాస్ కలిపి మండిస్తారు. వెయ్యి డిగ్రీలు దాటిన ఆ వేడి వాయువులు టర్బైన్ రెక్కలను తిప్పుతూ బయటికి పోతాయి. రెక్కలతో పాటు ఇరుసు, ఇరుసుతో పాటు జనరేటర్ తిరుగుతాయి.

పేరులో గ్యాస్ ఉంది కాబట్టి మన దృష్టి అంతా గ్యాస్ మీదే ఉంటుంది. నిజానికి టర్బైన్ గుండా వెళ్లే దానిలో చాలా భాగం గాలే. 100 మెగావాట్ల స్థాయి యంత్రం సెకనుకు 300 కిలోలకు పైగా గాలి పీలుస్తుంది. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినట్టు ఇక్కడ కంప్రెసర్ ఊదుతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ తిత్తి మంటను రాజేసి ఊరుకోదు. రెక్కలను తోసేది కూడా ఆ గాలే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కంప్రెసర్ ఒక నిర్దిష్ట వేగంతో తిరుగుతుంది. మన గ్రిడ్ 50 హెర్ట్జ్ కాబట్టి ఆ వేగాన్ని ఇష్టం వచ్చినట్టు పెంచే వీలు లేదు. కాబట్టి సెకనుకు అది లాగే గాలి పరిమాణం, అంటే ఘనపు మీటర్లు, దాదాపు మారదు. కానీ ఘనపు మీటరు గాలి బరువు మారుతుంది. 15 డిగ్రీల దగ్గర అది సుమారు 1.22 కిలోలు. 45 డిగ్రీల దగ్గర 1.11 కిలోలే. వేడికి గాలి వ్యాకోచించి పలచబడుతుంది. గుక్క అంతే, అందులో ఉన్న సరుకు తగ్గింది. అంతకుముందు సెకనుకు 300 కిలోలు లోపలికి వెళ్లిన చోట ఇప్పుడు 272 కిలోలే వెళ్తున్నాయి.

అంటే గాలి 9 శాతం తగ్గింది. అయితే కరెంటు కూడా 9 శాతమే తగ్గాలి కదా? అలా జరగదు. అంతకు రెట్టింపు తగ్గుతుంది.

జీతం కోత, మారని అద్దె

దీన్ని ఇంటి బడ్జెట్‌లా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. గుండ్రని అంకెలు తీసుకుందాం. టర్బైన్ రెక్కలు మొత్తం 200 మెగావాట్ల శక్తి పుట్టిస్తాయి. అందులో 100 మెగావాట్లు ముందున్న కంప్రెసరే తీసేసుకుంటుంది. అవును, పుట్టిన శక్తిలో సగం, కొన్ని యంత్రాల్లో సగానికి మించి, గాలిని కుదించడానికే పోతుంది. మిగిలిన 100 మెగావాట్లే తీగల మీదుగా మనకు వస్తుంది. జీతం 200, అద్దె 100, మిగులు 100.

ఇప్పుడు ఎండ వచ్చింది. గాలి 9 శాతం తగ్గింది కాబట్టి రెక్కల దగ్గర పుట్టే శక్తి 200 నుంచి సుమారు 181కి పడింది. మరి కంప్రెసర్ ఖర్చు కూడా తగ్గిందా? గాలి తక్కువ కుదిస్తోంది, నిజమే. కానీ వేడి గాలిని కుదించడం కష్టం. 45 డిగ్రీల గాలికి కిలోకు 10 శాతం ఎక్కువ శక్తి కావాలి. అటు తగ్గింది ఇటు పెరిగి, మొత్తం ఖర్చు మళ్లీ 100 దగ్గరే నిలిచింది. అద్దె మారలేదు. 181లోంచి 100 తీసేస్తే 81.

అసలు యంత్రంలో పీడనం కూడా కాస్త మారుతుంది కాబట్టి లెక్క ఇంత సూటిగా ఉండదు. అయినా ఫలితం దీనికి దగ్గరగానే ఉంటుంది. ఈ రంగంలో చెప్పుకునే అంచనా ప్రకారం పెద్ద టర్బైన్లలో ప్రతి డిగ్రీకి ఉత్పత్తి 0.5 నుంచి 0.7 శాతం వరకు పడిపోతుంది. విమాన ఇంజిన్ల నుంచి రూపొందించిన చిన్న టర్బైన్లలో ఇది 1 శాతం దాకా వెళ్తుంది. సాయంత్రం ఏడింటికి ఉష్ణోగ్రత 36కి దిగినా, మన 100 మెగావాట్ల యంత్రం 86 దగ్గరే ఉంటుంది.

మంట పెంచి ఆ లోటు పూడ్చవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. పూడ్చలేరు. టర్బైన్ రెక్కలు తట్టుకునే వేడికి ఒక హద్దు ఉంది. మామూలు రోజుల్లోనే యంత్రాన్ని ఆ హద్దుకు దగ్గరగా నడుపుతారు. గాలి తగ్గినప్పుడు గ్యాస్ కూడా తగ్గించాల్సిందే, లేకపోతే రెక్కలు పాడవుతాయి. పైగా గ్యాస్ తగ్గేది ఉత్పత్తి తగ్గినంతగా కాదు. అందుకే 45 డిగ్రీల రోజున ఒక్కో యూనిట్‌కు మామూలు కంటే 5 నుంచి 7 శాతం ఎక్కువ గ్యాస్ ఖర్చవుతుంది. కరెంటు తగ్గుతుంది, యూనిట్ ధర పెరుగుతుంది, రెండూ ఒకే మధ్యాహ్నం.

ఎండాకాలంలో విమానం ఎక్కినవాళ్లు ఇదే సంగతి ఇంకో రూపంలో చూసి ఉండవచ్చు. బాగా వేడిగా ఉన్న రోజు విమానం గాల్లోకి లేవడానికి రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తాలి. కొన్నిచోట్ల బరువు తగ్గించుకోవాల్సి వస్తుంది. ఇంజిన్ పీల్చే గాలీ పలచనే, రెక్కల కింద గాలీ పలచనే.

మన దగ్గర చాలా గ్యాస్ ప్లాంట్లు ఒంటరి టర్బైన్లు కావు, కంబైన్డ్ సైకిల్ ప్లాంట్లు. టర్బైన్ నుంచి వృథాగా పోయే వేడితో నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో ఇంకో టర్బైన్ తిప్పుతారు. వీటిలో ఎండ దెబ్బ కొంచెం తక్కువ. గాలి తగ్గినా పొగ గొట్టంలోకి పోయే వాయువులు మరికాస్త వేడిగా ఉంటాయి, ఆవిరి వైపు అది కొంత ఆదుకుంటుంది. అయితే ఆ ఆవిరిని మళ్లీ నీరు చేయడానికి చల్లటి నీళ్లు కావాలి, వేసవిలో అవి కూడా గోరువెచ్చగానే ఉంటాయి.

మరి టర్బైన్‌కు కూలర్ పెట్టరా?

పెడతారు. నిజంగానే కూలర్. మీ ఇంట్లో ఉన్నదానికీ దానికీ సూత్రం ఒకటే. గాలి వచ్చే దారిలో తడిసిన ప్యాడ్లు పెడతారు. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేస్తుంది. పూర్వం కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లింది ఇందుకే. ఇంకో పద్ధతిలో ప్యాడ్లు లేకుండా నీటిని మంచు లాంటి సన్నని తుంపరగా గాలిలోకి చిమ్ముతారు. దానికి లవణాలు పూర్తిగా తీసేసిన నీళ్లే వాడాలి. లేకపోతే కంప్రెసర్ రెక్కల మీద పొర కడుతుంది.

హైదరాబాద్‌లో కూలర్ బాగా పనిచేస్తుందనీ, విశాఖలో ఉక్కపోత తప్ప ఏమీ మిగలదనీ రెండు ఊళ్లలోనూ ఉన్నవాళ్లకు తెలుసు. టర్బైన్‌కూ అదే వర్తిస్తుంది. 45 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న పొడి గాలిని మంచి కూలర్ 29 డిగ్రీల దాకా దించగలదు. 16 డిగ్రీల లాభం. అదే కోస్తాలో 38 డిగ్రీలు, 55 శాతం తేమ ఉంటే 31 దగ్గర ఆగిపోతుంది. 7 డిగ్రీలే లాభం. గోదావరి జిల్లాల్లోని ప్లాంట్లకు ఈ రెండో పరిస్థితి తరచూ ఎదురవుతుంది. పడమటి గాలులు వీచే రోజుల్లో అక్కడా పొడి వేడి ఉంటుంది, అది వేరే సంగతి.

నీళ్ల లెక్క కూడా చూడాలి. మన 100 మెగావాట్ల యంత్రానికి గాలిని 45 నుంచి 29కి దించడానికి గంటకు 6 వేల లీటర్లకు పైగా నీరు ఆవిరవుతుంది. మీ అపార్ట్‌మెంట్‌కు వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్ గంటకొకటి వచ్చినా చాలదన్నమాట. నీటి ఎద్దడి కూడా వేసవిలోనే కదా.

కూలర్ చాలని చోట ఏసీ పెడతారు. పెద్ద చిల్లర్లతో గాలిని 10-15 డిగ్రీలకు తెస్తారు. అంతకంటే బాగా దించితే కంప్రెసర్ మూతి దగ్గర మంచు గడ్డకట్టే ప్రమాదం ఉంది. చిల్లర్ ఉంటే 81కి పడిన యంత్రం మళ్లీ 100 దగ్గరికి వస్తుంది. పొడి గాలి అయితే చిల్లర్ రెండు మూడు మెగావాట్లు తింటుంది. అయినా లాభమే. తేమ గాలి అయితే ఖర్చు బాగా పెరుగుతుంది. మీ ఏసీ పైపులోంచి నీళ్లు కారడం చూశారుగా. గాలిని చల్లబరచడం కంటే అందులోని తేమను నీరుగా మార్చడానికే చిల్లర్ ఎక్కువ శక్తి పెట్టాల్సి వస్తుంది. కొన్ని దేశాల్లో దీనికీ ఉపాయం కనిపెట్టారు. రాత్రి డిమాండ్ తక్కువున్నప్పుడు పెద్ద ట్యాంకుల్లో నీటిని చల్లబరిచి ఉంచి, మధ్యాహ్నం ఆ చల్లదనాన్ని వాడుకుంటారు. ఇవన్నీ డబ్బుతో కూడుకున్నవి. ఏడాదికి పట్టుమని రెండు నెలలు కూడా నడవని ప్లాంటుకు అంత ఖర్చు ఎవరు పెడతారన్నది న్యాయమైన ప్రశ్నే.

కువైట్‌లో మనవాళ్లు చూసిన వేసవి

ఎండ, కరెంటు ముఖాముఖి తలపడితే ఎలా ఉంటుందో తెలియాలంటే కువైట్ చూడాలి. రాజంపేట, రాయచోటి, కడప, గోదావరి జిల్లాల నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది మనకు దూరపు వార్తేమీ కాదు. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ ఆ రికార్డును తర్వాత పరిశీలించి ధ్రువీకరించింది.

చమురు మీద కూర్చున్న దేశానికి ఇంధన కొరత పెద్ద సమస్య కాకూడదు. అయినా 2024 జూన్‌లో, ఉష్ణోగ్రత 50 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడు, అక్కడి విద్యుత్ శాఖ కొన్ని ప్రాంతాల్లో పగటి పూట రెండు గంటల వరకు కోతలు ప్రకటించింది. పెరిగిన డిమాండ్‌ను ప్లాంట్లు అందుకోలేకపోతున్నాయని చెప్పింది. కారణం టర్బైన్ల నీరసం ఒక్కటే అనడం సరికాదు. అక్కడ ఆవిరి ప్లాంట్లు కూడా చాలా ఉన్నాయి, ఏసీల వాడకం విపరీతం. కానీ 50 డిగ్రీల గాలి పీల్చే టర్బైన్, చల్లబరిచే ఏర్పాటు లేకపోతే, కాగితం మీద సామర్థ్యంలో దాదాపు ఐదో వంతు కోల్పోతుంది. అందుకే గల్ఫ్ దేశాల్లో ప్లాంటు కొనేటప్పుడే 15 డిగ్రీల అంకె పక్కన పెట్టి, ఆ ఊరి ఎండలో ఎంత ఇస్తుందో రాయించుకుంటారు. దుమ్ము తుపాన్ల బెడద అదనం. గాలి వడబోసే ఫిల్టర్లు మూసుకుపోతే టర్బైన్‌కు అందే గాలి ఇంకా తగ్గుతుంది.

మన దగ్గర అసలు గ్యాసే లేదు కదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. తెలుగు నేల మీద గ్యాస్ ప్లాంట్ల కథ ఎండతో మొదలు కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ దొరుకుతుందన్న ధీమాతో విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట, కొండపల్లి ప్రాంతాల్లో ప్లాంట్లు వెలిశాయి. 2009లో డీ6 బ్లాకు నుంచి గ్యాస్ రావడం మొదలైనప్పుడు ఆశలు ఆకాశాన్ని తాకాయి. తర్వాత ఉత్పత్తి అనుకున్న దానికంటే వేగంగా పడిపోయింది. 2013 నాటికి విద్యుత్ ప్లాంట్లకు ఆ గ్యాస్ ఆగిపోయింది. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కోసం తెచ్చిన యంత్రాలు వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టనేలేదు. వాటిలో కొన్ని చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘ్నాఘాట్ చేరాయి.

దేశమంతటా ఇదే ధోరణి. 2024 వేసవి నాటికి మన దేశంలో గ్యాస్ ఆధారిత సామర్థ్యం దాదాపు 25 వేల మెగావాట్లు. మొత్తం కరెంటులో వాటి వాటా మాత్రం దాదాపు 2 శాతమే. ఓడల్లో వచ్చే దిగుమతి గ్యాస్ ఖరీదు కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ ప్లాంట్లు ఖాళీగా ఉంటాయి.

అయితే ఎప్పుడు నడుపుతారో చూడండి. 2024లో కేంద్ర విద్యుత్ శాఖ విద్యుత్ చట్టంలోని సెక్షన్ 11 కింద గ్యాస్ ప్లాంట్లను సిద్ధంగా ఉంచమని ఆదేశించింది. ఆ ఆదేశం అమల్లో ఉన్నది మే 1 నుంచి జూన్ 30 వరకు. అదే ఏడాది మే 30న, రోహిణి కార్తె నడుస్తుండగా, దేశంలో పీక్ డిమాండ్ 250 గిగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది. అంటే మన గ్యాస్ టర్బైన్లను అవి అన్నిటికంటే బలహీనంగా ఉండే వారాల్లోనే ప్రత్యేకంగా పిలిచి పని చెబుతున్నాం. చలికాలంలో అవి నిండు బలంతో ఉంటాయి, అప్పుడు వాటితో అవసరం ఉండదు.

దీనర్థం గ్రిడ్‌ను నడిపేవాళ్లు మోసపోతున్నారని కాదు. ప్రతి ప్లాంటూ మరుసటి రోజు ఎంత కరెంటు ఇవ్వగలదో లోడ్ డిస్పాచ్ కేంద్రానికి ముందే చెప్పాలి. రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుకు ఒక్కో అంకె ఇస్తారు. వాతావరణ అంచనా చూసుకునే ఆ అంకెలు వేస్తారు. మోసపోయేది స్థాపిత సామర్థ్యాల పట్టిక చూసి "ఇన్ని వేల మెగావాట్లు ఉన్నాయి కదా, కోతలెందుకు" అనుకునే మనమే. ఆ పట్టికలో ఉన్నవి 15 డిగ్రీల మెగావాట్లు.

ఎండ దెబ్బ గ్యాస్‌కే పరిమితం కాదు, మోతాదే వేరు. బొగ్గు ప్లాంట్లు కుదించిన గాలి మీద ఆధారపడవు కాబట్టి వాటి నష్టం చాలా తక్కువ. సోలార్ ప్యానెల్ వేడెక్కిన కొద్దీ డిగ్రీకి 0.3-0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గిస్తుంది. ఎండలో ప్యానెల్ ఉపరితలం గాలి కంటే చాలా వేడిగా ఉంటుందని గుర్తుంచుకోండి. అయినా మిట్టమధ్యాహ్నం భారమంతా మోసేది సోలారే. సూర్యుడు దిగిపోయాక, ఏసీలు ఇంకా ఆగని సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదకొండు వరకే అసలు ఒత్తిడి. గ్యాస్ టర్బైన్‌కు విలువ అక్కడే ఉంది. బొగ్గు ప్లాంటు చల్లారితే మళ్లీ అందుకోవడానికి గంటలు పడుతుంది. విడి గ్యాస్ టర్బైన్ నిమిషాల్లో లేచి నిలబడుతుంది. 100కు బదులు 86 ఇచ్చినా ఆ గంటలో అవి బంగారమే.

మీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు

వేసవిలో కరెంటు పోగానే "ఉత్పత్తి చాలట్లేదు" అనుకోవడం మనకు అలవాటు. ముందు కిటికీలోంచి చూడండి. మీ వీధిలో చీకటి, పక్క వీధిలో వెలుతురు ఉంటే అది ప్లాంటు సమస్య కాదు. మీ ట్రాన్స్‌ఫార్మర్ లేదా ఫీడర్ మీద భారం పెరిగి ఉంటుంది. ఎండ ట్రాన్స్‌ఫార్మర్‌నూ చల్లారనివ్వదు. రెండు రాష్ట్రాల్లోనూ 1912 నంబరుకు ఫోన్ చేయవచ్చు. చేసేటప్పుడు బిల్లు మీద ఉన్న సర్వీస్ నంబరు దగ్గర పెట్టుకోండి, మొదట అడిగేది అదే. ఊరంతా లేదా మండలాలు మండలాలు ముందే చెప్పిన వేళల్లో వంతుల వారీగా పోతుంటే, అప్పుడు ఉత్పత్తి లేదా కొనుగోలులో కొరత అని అనుమానించవచ్చు.

ఆ రోజు దేశంలో గ్యాస్ ప్లాంట్లు నిజంగా ఎంత ఇచ్చాయో తెలుసుకోవాలంటే గ్రిడ్ ఇండియా వెబ్‌సైట్‌లో రోజువారీ నివేదిక ఉంటుంది. బొగ్గు, జల విద్యుత్, సోలార్, గ్యాస్ ఇలా విడివిడిగా నిన్నటి లెక్కలు అందులో దొరుకుతాయి. జనవరిలో ఒక రోజు, మే చివర్లో ఒక రోజు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. గ్యాస్ వరుసలో అంకె మేలోనే పెద్దగా కనిపించవచ్చు, ఎందుకంటే అప్పుడే వాటిని నడుపుతారు. నడిచిన ఒక్కో యంత్రం మాత్రం తన బోర్డు మీది అంకెకు దిగువనే నడిచి ఉంటుంది.

ఇక బిల్లు సంగతి. ఆంధ్రప్రదేశ్ వినియోగదారులకు నెలవారీ బిల్లులో కనిపించే ఇంధన, విద్యుత్ కొనుగోలు సర్దుబాటు చార్జీ ఎందుకు పడుతుందో చాలామందికి అంతుపట్టదు. డిస్కమ్‌లు ముందుగా వేసుకున్న అంచనా కంటే ఎక్కువ ధరకు కరెంటు కొన్నప్పుడు ఆ తేడా అందులోకి వస్తుంది. అన్ని రాష్ట్రాలూ ఒకేసారి మార్కెట్లో కరెంటు కోసం ఎగబడే వేసవి సాయంత్రాల్లో ధరలు పెరుగుతాయి. ఖరీదైన గ్యాస్‌తో, యూనిట్‌కు మామూలు కంటే ఎక్కువ గ్యాస్ మండించి తీసిన కరెంటు ఆ బేరంలో ఒక భాగం. మీరు ఏసీని 20 మీద పెట్టినా 26 మీద పెట్టినా ఆ టర్బైన్ పీల్చే గాలి చల్లబడదు. దాని మీద పడే బరువు మాత్రం మారుతుంది, అదీ సరిగ్గా ఆ నాలుగు గంటల్లో.